డిప్రెషన్ చార్టుకు కోడ్ వేయడం: అపోహలు - వాస్తవాలు

వారమంతా అమెరికా పేషెంట్ల చార్టులు, అంటే డాక్టర్లు రాసిన వైద్య రికార్డులు చదివి, అందులోని జబ్బులకు ఇన్సూరెన్స్ బిల్లుల్లో వాడే కోడ్‌లు వేయడం నా ఉద్యోగం. ఆదివారాలు విశాఖ ద్వారకానగర్‌లో మెడికల్ కోడింగ్ నేర్చుకునే పిల్లలకు క్లాసు చెబుతాను. గుండె, కిడ్నీ చార్టులను చకచకా చేసేవాళ్లు కూడా మానసిక వైద్యం చార్టు రాగానే తడబడతారు. క్లాసులో ఎక్కువగా వినే అపోహలు ఇక్కడ రాస్తున్నాను. అన్నీ డిప్రెషన్ గురించే.

అపోహ: మందు చూస్తే జబ్బు తెలిసిపోతుంది.

కొత్తలో నేనూ ఇలాగే అనుకున్నాను. మందుల జాబితాలో అమిట్రిప్టిలిన్ కనబడగానే డిప్రెషన్ కోడ్ వేసేశాను. ఆడిట్‌లో చార్టు వెనక్కి వచ్చింది. ఆవిడకు చాలా ఏళ్లుగా షుగర్ ఉంది. పాదాల మంటలకు, తిమ్మిర్లకు రాత్రిపూట వేసుకోమని ఇచ్చిన మందు అది. డాక్టరు నోట్ మొత్తంలో దిగులు అన్న మాటే లేదు. ఆఫీసు లెక్కలో అది ఒక ఎర్రర్. ఆడిటర్ పట్టుకోకపోతే మాత్రం ఆవిడ రికార్డులో లేని జబ్బు ఒకటి చేరి, తర్వాత చూసే ప్రతి డాక్టరుకూ కనబడేది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

వాస్తవం: డాక్టరు నిర్ధారించి రాసిన జబ్బుకే కోడ్. బ్యుప్రోపియాన్ సిగరెట్ మాన్పించడానికీ ఇస్తారు, ఎస్సిటలోప్రామ్ ఆందోళనకూ ఇస్తారు. మందు ఉండి జబ్బు పేరు లేకపోతే డాక్టరుకు క్వెరీ, అంటే వివరణ అడుగుతూ ప్రశ్న పంపాలి. అదీ ‘ఇది డిప్రెషన్‌కేనా?’ అని కాదు, ‘ఈ మందు దేనికి ఇస్తున్నారో రాయగలరా?’ అని. మనకు కావలసిన జవాబును ప్రశ్నలోనే పెట్టి పంపకూడదు.

అపోహ: డిప్రెషన్ అని ఉంటే మేజర్ డిప్రెసివ్ డిజార్డర్ కోడే.

పాత నోట్సుతో చదివేవాళ్ల దగ్గర ఇది ఎక్కువ. ఒకప్పుడు ఇది నిజమే. డాక్టరు ఒట్టి ‘డిప్రెషన్’ అని రాసినా ఎఫ్32.9 వేయాల్సి వచ్చేది. ఆ కోడ్ అర్థం మేజర్ డిప్రెసివ్ డిజార్డర్, మొదటి ఎపిసోడ్, తీవ్రత చెప్పనిది. అంటే డాక్టరు అనని పెద్ద మాటను మేం అన్నట్టయ్యేది. 2021 అక్టోబర్ 1 నుంచి దీనికోసమే ఎఫ్32.ఎ అనే కోడ్ వచ్చింది. ఇప్పుడు ఒట్టి డిప్రెషన్‌కు అదే వేయాలి. ‘మేజర్’ అన్న మాట ఉంటేనే ఎఫ్32.9. ఆ మాటతో పాటు తీవ్రత కూడా రాస్తే మైల్డ్‌కు ఎఫ్32.0, మోడరేట్‌కు ఎఫ్32.1, సైకోసిస్ లక్షణాలు (లేనివి కనబడడం, వినబడడం లాంటివి) లేని సివియర్‌కు ఎఫ్32.2. ‘రికరెంట్’ (మళ్లీ మళ్లీ వచ్చేది) అన్నారా, ఎఫ్33లోకి వెళ్లాలి. అదే చార్టులో బైపోలార్ (దిగులు, అతి ఉత్సాహం మారిమారి వచ్చే జబ్బు) అని నిర్ధారించి ఉంటే ఎఫ్32 పక్కన పెట్టి ఎఫ్31 చూడాలి. ఆ రెండూ కలిపి వేయకూడదు.

అపోహ: పీహెచ్‌క్యూ-9 స్కోరు 16 ఉంది కాబట్టి తీవ్రత మనమే వేసుకోవచ్చు.

వద్దు. పీహెచ్‌క్యూ-9 అంటే డిప్రెషన్ లక్షణాలు అడిగే ప్రశ్నపత్రం. తొమ్మిది ప్రశ్నలు, మొత్తం 27 మార్కులు. 15 నుంచి 19 మధ్య వస్తే ఓ మోస్తరుగా తీవ్రమని ఆ పట్టిక చెబుతుంది. కానీ అది పేషెంటు నింపిన కాగితం. ఎదురుగా కూర్చుని మాట్లాడింది డాక్టరు, తీవ్రత ఆయనే రాయాలి.

అపోహ: ‘హిస్టరీ ఆఫ్ డిప్రెషన్’ అంటే తగ్గిపోయినట్టే.

‘హిస్టరీ ఆఫ్ డిప్రెషన్, సెర్ట్రలిన్ కొనసాగించండి’ అని చాలామంది డాక్టర్లు రాస్తారు. తగ్గిపోతే మందెందుకు? క్వెరీ పంపాల్సిందే. పూర్తిగా తగ్గితే రిమిషన్ (జబ్బు లక్షణాలు తగ్గిన స్థితి) కోడ్‌లు ఉన్నాయి, మొదటి ఎపిసోడ్‌కు ఎఫ్32.5, మళ్లీ మళ్లీ వచ్చేదానికి ఎఫ్33.42. మానసిక జబ్బుల నిర్ధారణకు వాడే పుస్తకం డీఎస్ఎమ్-5 ప్రకారం పూర్తి రిమిషన్ అనాలంటే గత రెండు నెలలుగా చెప్పుకోదగ్గ లక్షణాలు ఉండకూడదు. ఆ రెండు నెలలు లెక్కపెట్టే పని మనది కాదు.

అపోహ: ఆత్మహత్య ఆలోచనలు డిప్రెషన్‌లో భాగమే, విడిగా కోడ్ అక్కర్లేదు.

ఇది విన్నప్పుడు నాకు భయం వేస్తుంది. డిప్రెషన్ ఉన్న అందరికీ ఆ ఆలోచనలు రావు. డాక్టరు రాస్తే ఆత్మహత్య ఆలోచనల కోడ్ ఆర్45.851 తప్పకుండా వేయండి. తర్వాత ఎమర్జెన్సీలో చూసే వైద్యుడికి ముందు తెలియాల్సింది అదే. ఇంకో మాట, ఇలాంటి చార్టులు నైట్ షిఫ్టులో వరుసగా చదివితే మనకూ మనసు బరువెక్కుతుంది. దాచుకోకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

అపోహ: పేషెంటు మీద జాలితో కోడ్ వదిలేయవచ్చు.

మొన్న పేర్లు తీసేసిన ప్రాక్టీస్ చార్టు ఇచ్చాను. ఇరవై రెండేళ్ల అమ్మాయిది. ఒక విద్యార్థిని చెయ్యెత్తి, ‘మేడం, పాపం పెళ్లి కావాల్సిన పిల్ల కదండీ, ఆ కోడ్ వదిలేస్తే ఏమవుతుంది?’ అని అడిగింది. ఆమె మనసు నాకు అర్థమైంది. మన ఊళ్లో చినవాల్తేరు మానసిక ఆసుపత్రి పేరు చెప్పడానికి ఇప్పటికీ చాలామంది గొంతు తగ్గిస్తారు.

వదిలేస్తే అయ్యేది ఇది. థెరపీ సెషన్‌కు కారణం చూపించే జబ్బు లేదని ఇన్సూరెన్స్ క్లెయిమ్ తిప్పికొడుతుంది. బిల్లు ఆ అమ్మాయి నెత్తిన పడవచ్చు. గోప్యతకు అమెరికాలో హిపా అనే చట్టం ఉంది. మన దగ్గర 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా పేషెంటుకు గోప్యత హక్కు ఇచ్చింది, శారీరక జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలని చెప్పింది. ఆ బీమా అడగాలంటే జబ్బు పేరు కాగితం మీద సరిగ్గా ఉండాలి కదా.

ఆ చార్టులో డాక్టరు రాసింది మేజర్ డిప్రెసివ్ డిజార్డర్, రికరెంట్, మోడరేట్. ఎఫ్33.1. ఆ విద్యార్థిని చేతే వేయించాను.