గుండె రాయి చేసుకోమన్నారా స్టోయిక్కులు? అపోహలు - వాస్తవాలు

అపోహ: స్టోయిక్ (ప్రాచీన గ్రీకు, రోమన్ తత్వశాఖ ఒకదాన్ని పాటించేవాడు) అంటే దేనికీ చలించనివాడు. గుండె దడ వచ్చిందంటే ఓడిపోయినట్టే.

వాస్తవం: కౌన్సెలింగ్‌కు వచ్చేవాళ్లలో చాలామంది ఈ ఒక్క మాట పట్టుకుని నలిగిపోతుంటారు. రీల్స్‌లో తిరిగే ఈ ప్రచారాన్ని దయచేసి నమ్మకండి. చన్నీళ్లు పడితే ఒళ్లు జలదరించడం, చెడు వార్త వింటే రోమాలు నిక్కబొడుచుకోవడం మన చేతిలో లేవని రోమన్ స్టోయిక్ సెనెకాయే రాశాడు. అవి ఇంకా భయమూ కావు, కోపమూ కావు. రోమన్ రచయిత ఔలస్ గెల్లియస్ ఎక్కిన ఓడ తుఫానులో చిక్కుకుంటే, అందులో ఉన్న స్టోయిక్ గురువు ముఖం పాలిపోయింది. కారణం అడిగితే ఆయన సంచిలోంచి మరో స్టోయిక్ గురువు ఎపిక్టెటస్ బోధల అయిదో సంపుటం తీసి చూపించాడు. జ్ఞాని కూడా ఆ క్షణాన ఉలిక్కిపడతాడు, కానీ "ఘోరం జరిగిపోతోంది" అన్న తలపుకు ఒప్పుకోడు అని అందులో ఉంది.

స్టోయిక్కులు చెప్పిన వరస ఇది: ముందు తలపు తడుతుంది, తర్వాత మనం దానికి సమ్మతిస్తాం, ఆపైన చర్యకు దిగుతాం. సాధన చేయాల్సింది సమ్మతి దగ్గర. మనవాళ్లు దడనే ఆపబోతారు. అది ఆగదు. "ఆగట్లేదే" అని ఇంకో భయం మొదలై దడ పెరుగుతుంది.

మేనేజర్ "రేపు మాట్లాడాలి" అని మెసేజ్ పెట్టారనుకోండి. కాగితం మీద పై లైనులో ఆ మాట మాత్రమే రాయండి. కింది లైనులో మీ మనసు చేర్చింది రాయండి: "ఉద్యోగం పోయినట్టే." దీనికి ఆధారం ఏముంది? లేకపోతే ఇప్పుడే ఏదీ తేల్చొద్దు. "అంతా మంచే జరుగుతుంది" అని కొట్టేసి రాసుకోవద్దు, అదీ ఆధారం లేని తీర్పే. దడ ఉండనివ్వండి. వచ్చింది కోపమైతే సెనెకా చెప్పిన మందు ఆలస్యం: జవాబు టైప్ చేసినా, వెంటనే పంపకండి.

ఆలోచనలను సరిచేసే మానసిక చికిత్సలకు ఆద్యులైన ఆల్బర్ట్ ఎల్లిస్, ఏరన్ బెక్ తమ చికిత్సల మూలాలు స్టోయిక్కుల్లో ఉన్నాయని చెప్పారు. అయినా పుస్తకం చికిత్సకు బదులు కాదు. రెండు వారాలుగా నిద్ర, తిండి దెబ్బతింటే సైకియాట్రిస్టును కలవండి. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

మిగతా అపోహలు, స్టోయిక్కులు కాని ఇద్దరు గ్రీకు తత్వవేత్తల మీదవి కూడా, త్వరగా. "మన చేతిలో లేనిది వదిలెయ్" అంటే ప్రయత్నం మానమని అర్థమా? రోమన్ రచయిత సిసిరో స్టోయిక్కుల మాటగా చెప్పిన విలుకాడు గురి చూడటంలో ఏ లోటూ చేయడు, బాణం తగలడం మాత్రం అతని చేతిలో లేదు. సుఖమే మేలన్న ఎపిక్యూరస్ విలాసపురుషుడా? రొట్టె, నీళ్లు చాలన్నవాడు. అతికీ లోటుకీ నడుమ ఉండాలన్న అరిస్టాటిల్ మధ్యేమార్గం అంటే ఎప్పుడూ సగం కోపమేనా? తగినవాళ్ల మీద, తగిన వేళ, తగినంత అన్నాడాయన. కోపం రావాల్సిన చోట రానివాణ్ణీ తప్పుపట్టాడు.