జొన్న ఆకలి, మల్లె చెవి

మహారాష్ట్ర నాందేడ్ జిల్లాలోని దెగ్లూరు, బిలోలి, ధర్మాబాద్ పల్లెల్లో తెలుగు, మరాఠీ ఒకే అరుగు మీద వినిపిస్తాయి. జొన్నచేలో పూసే చిన్న తెల్లపూల కలుపును మనవాళ్లు జొన్నమల్లె అంటే, పక్కచేను మరాఠీ రైతు టార్‌ఫులా అంటాడు.

వాన కురిసిన మర్నాడు కూడా జొన్న ఆకులు ఎండకు వడిలినట్టు చుట్టుకుంటే మొదళ్ల దగ్గర వెతకాలి. జానెడు జొన్నమల్లె కనిపిస్తే వెంటనే లాగేయకండి. మట్టిపెళ్లతో సహా తవ్వి, నీళ్లలో మెల్లగా కడిగి చూడండి. మల్లె వేరు జొన్న వేరును పట్టుకున్న చోట చిన్న ఉబ్బు ఉంటుంది. పైరు తోడుకున్న నీరు, లవణాలు అక్కడినుంచే మల్లెలోకి పోతాయి. మల్లె నేల పైకి వచ్చేసరికే జొన్నకు జరగవలసిన నష్టం చాలావరకు జరిగిపోయి ఉంటుంది.

మల్లె గింజ అర మిల్లీమీటరు కూడా ఉండదు. నేలలో పదేళ్లకు పైగా బతికే ఉంటుంది. మొలిచిన కొద్ది రోజుల్లో వేరు దొరక్కపోతే చస్తుంది కనుక, దగ్గరలో వేరుందన్న కబురు అందేదాకా మొలవదు. ఆ కబురు పంపేది జొన్నే! భాస్వరం, నత్రజని చాలనప్పుడు జొన్న వేర్లు స్ట్రిగోలాక్టోన్లనే రసాయనాలను ఎక్కువగా వదులుతాయి. 1966లో పత్తి వేర్లలో ఈ కోవకు చెందిన స్ట్రిగాల్‌ను మొదట గుర్తించినప్పుడు అది మల్లెను మొలిపిస్తుందనే తెలుసు. పైరు తన శత్రువును తానే ఎందుకు పిలుచుకుంటుంది? 2005లో జపాన్ శాస్త్రవేత్తలు జవాబు చెప్పారు: ఆ పిలుపు భాస్వరం అందించే వేరు శిలీంధ్రాలకు. స్నేహితుల కోసం వేసిన కేకను మల్లె పొంచి వింటోంది. ఇది తెలిసినప్పటినుంచి బక్కచిక్కిన జొన్నచేనును నేను మామూలుగా చూడలేకపోతున్నాను.

కాబట్టి జొన్నకు మొదటి వారాల్లోనే కడుపు నిండాలి. విత్తేటప్పుడే గింజకు దగ్గరగా, తగలకుండా, కొద్దిపాటి భాస్వరం ఎరువు పడితే లేతవేరు పిలుపు తగ్గుతుంది. యూరియా వంటి నత్రజని ఎరువులు పిలుపును తగ్గించడమే కాక మల్లె మొలకనూ అణుస్తాయి. మల్లె పూలు చూశాక యూరియా కోసం పరుగెత్తడం ఆలస్యమే. తేలిక నేలల్లో పశువుల ఎరువు వేస్తే తేమ నిలుస్తుంది. తేమ లేనిచోట వేసిన ఎరువు వేరుకు అందదు.

నేలలో పాత గింజల నిల్వ ఉన్నంతకాలం ఎరువు ఒక్కటే చాలదు. ఈ ప్రాంతంలో ఎలాగూ వేసే పత్తి ఇక్కడ పనికొస్తుంది: దాని వేర్ల పిలుపుకు మల్లె గింజ మొలుస్తుంది, పత్తి వేరును పట్టుకోలేక చస్తుంది. మిగిలిన మల్లెను కాయ పగలకముందే పీకి, గట్టు అవతల కాల్చేయాలి.