మొదటి జీతం బ్యాంకులో పడబోయే పిల్లలకు

పిల్లలూ,

పెద్దోడికి పరవాడ ఫార్మా సిటీలో, చిన్నదానికి ఋషికొండ దగ్గర ఐటీ ఆఫీసులో ఉద్యోగాలు వచ్చాయని తెలిసి మీ మామ్మా నేనూ ఎంత సంతోషపడ్డామో చెప్పలేను. ఇద్దరూ ఫోన్లో ఒకటే మాట అడిగారు. "కంపెనీవాళ్లు అకౌంట్ నంబరు, క్యాన్సిల్ చేసిన చెక్కు అడుగుతున్నారు తాతయ్యా, ఇచ్చేస్తే మన డబ్బు తీసేసుకోరు కదా?" అని. ఫోన్లో చెప్తే సగం మర్చిపోతారు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. మీతో చేరిన స్నేహితులకి కూడా చదివి వినిపించండి.

ధైర్యంగా ఇవ్వండి. అకౌంట్ నంబరు, ఐఎఫ్‌ఎస్‌సి కోడు (మీ బ్యాంకు బ్రాంచిని గుర్తించే నంబరు) తెలిసినవాడు మీకు డబ్బు వెయ్యగలడు, అంతే. సింహాచలం హుండీలో ఎవరైనా వెయ్యొచ్చు, తియ్యడం మాత్రం తాళం ఉన్నవాళ్ల వల్లే అవుతుంది కదా, అలాగన్నమాట. డబ్బు బయటికి రావాలంటే మీ సంతకం, కార్డూ పిన్నూ, ఓటీపీ, లేదంటే ఆధార్‌తో మీ వేలిముద్ర కావాలి. క్యాన్సిల్ చెక్కు అడిగేది నంబరు తప్పు పడకుండా చూసుకోవడానికే. దాని మీద రెండు గీతలు గీసి మధ్యలో 'క్యాన్సిల్డ్' అని పెద్దగా రాసివ్వండి, సంతకం మాత్రం పెట్టొద్దు.

జీతం ఎలా వస్తుందో తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. నెలాఖరుకి కంపెనీ అకౌంట్స్ సెక్షన్ వాళ్లు అందరి నంబర్లు, ఎవరికెంతో ఒక ఫైలు తయారుచేసి తమ బ్యాంకుకి పంపుతారు. అక్కణ్ణించి నాచ్, నెఫ్ట్ అని బ్యాంకుల మధ్య డబ్బు పంపే పద్ధతులున్నాయి, వాటిలో ఏదో ఒకదాని ద్వారా మీ బ్యాంకుకి వస్తుంది. నాచ్‌ని నడిపేది నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్. 2021 ఆగస్టు నుంచి నాచ్ ఆదివారాలు, సెలవు రోజుల్లో కూడా పనిచేస్తోంది, కాబట్టి ఒకటో తేదీ ఆదివారం వచ్చినా జీతం పడొచ్చు. ఇంత దారిలోనూ కంపెనీకి మీ ఖాతాలో ఎంతుందో కనపడదు.

నేను పోర్టు దగ్గర ఒక ఓడల రిపేరు కంపెనీలో జీతాల లెక్కలు చూసేవాణ్ణి. అప్పట్లో జీతం కవర్లో పెట్టి ఇచ్చేవాళ్లం. జీతాల రోజు గేటు బయట వడ్డీ వ్యాపారులు కాచుకుని ఉండేవారు. కవరు జేబులోకి వెళ్లక ముందే సగం వాళ్ల చేతిలోకి పోయేది. మిగిలినదాంతో బస్సెక్కితే జేబుదొంగల భయం. ఎవరైనా "నాకు తక్కువిచ్చారు" అంటే రుజువు ఏముంటుంది, వేలిముద్ర వేసిన రిజిస్టరు తప్ప? ఆ రిజిస్టరు ఉండేది యజమాని దగ్గరే. ఇప్పుడు మీ పాస్‌బుక్కులో తేదీతో సహా అచ్చయి ఉంటుంది. బ్యాంకులో జీతం వెయ్యడంలో నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించేది ఇదే. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం ప్రకారం బ్యాంకులో వెయ్యాలంటే కార్మికుడు రాతపూర్వకంగా ఒప్పుకోవాల్సి వచ్చేది. 2017లో చట్టం సవరించి ఆ షరతు తీసేశారు.

ఇక అసలు ప్రమాదం ఎక్కడుందో చెప్తాను, శ్రద్ధగా చదవండి. ప్రమాదమంతా డబ్బు పడ్డాక మొదలవుతుంది. కొందరు లేబర్ కాంట్రాక్టర్లు కూలీలకి వాళ్లే ఖాతాలు తెరిపిస్తారు. ఏటీఎం కార్డు, పిన్ను తమ దగ్గరే ఉంచుకుంటారు. కాగితం మీద పూర్తి కూలి పడినట్టే ఉంటుంది. తర్వాత వాళ్లే డ్రా చేసి, ఇష్టమొచ్చినంత చేతిలో పెడతారు. పై రాష్ట్రాల నుంచి వచ్చిన కుర్రాళ్లకి ఇది దోపిడీ అని కూడా తెలియదు. పెద్దోడా, మీ ప్లాంటులో కాంట్రాక్టు కింద పనిచేసేవాళ్లలో ఎవరి కార్డైనా వేరేవాళ్ల దగ్గర ఉందని తెలిస్తే ఊరుకోకు. కార్డు బ్లాక్ చేయించుకుని కొత్తది తీసుకోమని చెప్పు, బ్యాంకుకి తోడు వెళ్లు. ఖాతాకి లింకైన ఫోన్ నంబరు ఎవరిదో కూడా అడుగు. కాంట్రాక్టరు నంబరు ఉంటే జీతం పడిన మెసేజి, ఓటీపీ అన్నీ వాడికే పోతాయి.

మీ విషయానికొస్తే, కొత్తగా జీతం పడేవాళ్లకి దొంగ ఫోన్లు ఎక్కువ. "కేవైసీ (బ్యాంకుకి ఇచ్చే గుర్తింపు వివరాలు) అప్‌డేట్ చెయ్యకపోతే జీతం ఆగిపోతుంది" అంటారు, "హెచ్‌ఆర్ నుంచి" అని లింకు పంపుతారు. మీ ఖాతాలోకి డబ్బు రావడానికి యూపీఐ పిన్ను కొట్టాల్సిన పని ఎప్పుడూ ఉండదు, క్యూఆర్ స్కాన్ చెయ్యక్కర్లేదు. ఎవరైనా కొట్టమన్నారంటే మీ డబ్బు పోతోందని అర్థం. ఆధార్ వేలిముద్రతో డబ్బు తీసే అవసరం మీకు లేదు కాబట్టి, ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ (మీ వేలిముద్ర ఎక్కడా పనిచెయ్యకుండా తాళం) చేసేసుకోండి.

ఇంకోటుంది, కుర్రాళ్లు దీనికే ఎక్కువ పడిపోతున్నారు. "నీ అకౌంట్ కొన్నాళ్లు మాకివ్వు, నెలకి ఇంత ఇస్తాం" అంటారు. అందులోకి వచ్చేది ఎవరినో మోసం చేసి లాగిన డబ్బు. పోలీసులు ఖాతా ఆపించేస్తే మీ జీతం కూడా అందులోనే ఇరుక్కుంటుంది, కేసు మీ పేరు మీద పడుతుంది. ఎంత దగ్గర స్నేహితుడడిగినా ఇవ్వకండి.

ఒకవేళ డబ్బు పోయిందే అనుకోండి, ఏడుస్తూ కూర్చోకండి. వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చెయ్యండి, బ్యాంకుకి చెప్పి ఫిర్యాదు నంబరు రాసుకోండి. మీ తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా మూడోవాడి మోసం వల్ల పోతే, బ్యాంకు మెసేజి వచ్చిన మూడు పనిదినాల్లోపు చెప్పినవాళ్లకి నష్టం ఉండకూడదని రిజర్వ్ బ్యాంకు 2017 జులైలో ఆదేశించింది. మీరే ఓటీపీ చెప్పేసి ఉంటే, ఫిర్యాదు చేసేదాకా పోయింది మీ నెత్తినే పడుతుంది. అందుకే గంట కూడా ఆలస్యం వద్దు, ఇంట్లో తిడతారని దాచొద్దు. మేం ఎవ్వరం తిట్టం.

జీతం పడిన రోజు పే స్లిప్పు పక్కన పెట్టుకుని మెసేజి చూడండి. పీఎఫ్ కింద కోసింది నిజంగా మీ పీఎఫ్ ఖాతాలో జమయిందో లేదో పీఎఫ్ లెక్కలు చూసే సంస్థ ఈపీఎఫ్‌వో పాస్‌బుక్కులో చూసుకోండి, కోసి కట్టని కంపెనీలూ ఉంటాయి. ఉద్యోగం మారితే పాత శాలరీ అకౌంటు మామూలు సేవింగ్స్‌గా మారి మినిమం బ్యాలెన్స్ ఛార్జీలు పడొచ్చు. అక్కర్లేకపోతే మూసేయించండి.

చిన్నదానా, నువ్వు హెచ్‌ఆర్‌కి ఇద్దామనుకున్న పాస్‌బుక్కు మీ అమ్మ చిన్నప్పుడు తెరిపించిన ఆంధ్రా బ్యాంకుది. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది, అందులో అచ్చయిన పాత ఐఎఫ్‌ఎస్‌సి ఇప్పుడు చెల్లదు. సోమవారం బ్రాంచికి వెళ్లి కొత్త పాస్‌బుక్కు వేయించుకో, మొబైల్ నంబరు నీదేనా, మీ అమ్మదా కూడా చూసుకో. ఆ తర్వాతే ఆఫీసులో ఫారం నింపు.

ఇట్లు,
మీ తాతయ్య,
కంచరపాలెం, విశాఖపట్నం