ఆసియా స్వర్ణం ఉన్నా ఒలింపిక్ బెర్తు ఎందుకు రాదు?

"జిమ్నాస్ట్ దీపా కర్మాకర్ 2024 మేలో తాష్కెంట్‌లో ఆసియా చాంపియన్ అయింది కదా, రెండు నెలల తర్వాత పారిస్ ఒలింపిక్స్‌లో ఎందుకు కనబడలేదు? లోపల ఏదైనా రాజకీయం జరిగిందా?" అని లెక్కల మాస్టారు ఒకరు అడిగారు. రాజకీయమేమీ లేదు మాస్టారూ, ఉన్నదంతా కూడికలే. అడిగింది మీరు కాబట్టి కాస్త లోతుకే వెళ్తాను.

దీప గెలిచింది వాల్ట్‌లో, అంటే పరుగెత్తుకొచ్చి బల్ల మీద చేతులాని గాల్లో తిరిగే అంశంలో, 13.566 స్కోరుతో. ఆసియా సీనియర్ జిమ్నాస్టిక్స్‌లో స్వర్ణం గెలిచిన తొలి భారతీయురాలు ఆమే. కానీ ఆ పోటీల్లో మహిళలకు పారిస్ బెర్తు ఉన్నది ఒక్కటే. అదీ వాల్ట్‌కి కాదు, ఆల్‌రౌండ్‌కి. వాల్ట్, అన్‌ఈవెన్ బార్స్ (ఎత్తు తేడా ఉన్న రెండు కడ్డీలు), బీమ్ (సన్నని దూలం), ఫ్లోర్ (నేల మీద విన్యాసాలు) నాలుగూ చేసి స్కోర్లు కూడితే, అప్పటికి ఇంకే దారిలోనూ అర్హత రానివాళ్లలో ఎవరు పైన ఉంటే వాళ్లకి. దీప మొత్తం 46.166. వచ్చిన స్థానం పదహారు.

ఎనిమిదేళ్ల ముందు ఇదే కూడిక ఆమెను గట్టెక్కించింది. 2016 ఏప్రిల్‌లో రియోలో జరిగిన చివరి అర్హత పోటీలో వాల్ట్ 15.066, బార్స్ 11.700, బీమ్ 13.366, ఫ్లోర్ 12.566. మొత్తం 52.698. బార్స్ మీద అంత తక్కువ వచ్చినా ప్రొడునోవా అనే అతి కష్టమైన వాల్ట్ పుణ్యమా అని నెగ్గుకొచ్చి, ఒలింపిక్స్‌కి వెళ్లిన తొలి భారతీయ మహిళా జిమ్నాస్ట్ అయింది. తమాషా ఏమిటంటే, ఆగస్టులో ఒలింపిక్ వాల్ట్ ఫైనల్లో కూడా ఆమె స్కోరు సరిగ్గా 15.066. నాలుగో స్థానం, కాంస్యానికి 0.150 దూరం. న్యూమరాలజీ నమ్మేవాళ్లు ఇందులో ఏ అంకె పట్టుకుని ఊగుతారో తెలియదు గానీ, అసలు విషయం చాలా చప్పగా ఉంటుంది. ఎంత శుభ్రంగా చేశారో చూసి జడ్జీలు ఇచ్చిన ఎగ్జిక్యూషన్ మార్కుల్లో ఎక్కువవీ తక్కువవీ తీసేసి మధ్యలోని మూడింటికి సగటు కడతారు. పదో వంతుని మూడుతో భాగిస్తే ఏమవుతుంది? అందుకే జిమ్నాస్టిక్స్ స్కోర్లు తరచూ 033, 066 అంటూ ముగుస్తుంటాయి. అంకెలు అంత తక్కువ మెట్ల మీదే తిరుగుతున్నప్పుడు ఒకే స్కోరు రెండుసార్లు రావడంలో వింతేమీ లేదు.

అర్హత దారులన్నీ ఏకరువు పెడితే మీకంటే ముందు నాకే విసుగొస్తుంది, క్లుప్తంగా చెప్పేస్తాను. పారిస్‌లో మహిళలకు 96 బెర్తులు, పురుషులకు 96. పన్నెండు జట్లు, ఐదుగురు చొప్పున 60. 2022 లివర్‌పూల్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో మొదటి మూడు జట్లకు, 2023 ఆంట్వెర్ప్‌లో మిగతా తొమ్మిదింటికి ఇవి దక్కాయి. తక్కిన 36 జట్టు లేని దేశాల జిమ్నాస్టులకు. వ్యక్తిగత బెర్తు ఎక్కువగా ఆ మనిషి పేరు మీదే వస్తుంది. జట్టు బెర్తు మాత్రం దేశానిది. ఆ ఐదుగురు ఎవరో దేశమే తేల్చుకోవాలి. నాకు ఆసక్తి ఉన్నదంతా ఇక్కడే.

జట్టు ఫైనల్లో ఐదుగురిలో ముగ్గురే ఒక్కో పరికరం మీద దిగుతారు. ముగ్గురి స్కోర్లూ కలుస్తాయి. ఇప్పుడు ఒక స్కూలు క్విజ్ జట్టుని ఊహించుకోండి. లెక్కలు, సైన్స్, సోషల్, తెలుగు. జట్టులో ఐదుగురు, ఒక్కో సబ్జెక్టులో ముగ్గురు రాయాలి, వాళ్ల మార్కులు కూడాలి. నలుగురిని ఇప్పటికే తీసుకున్నారు. వాళ్లలో లెక్కల్లో మొదటి ముగ్గురి మార్కులు 80, 76, 72. మిగతా మూడు సబ్జెక్టుల్లో మూడో మార్కు వరుసగా 88, 90, 87. ఐదో స్థానానికి ఇద్దరు పోటీ. ఒకమ్మాయికి అన్నిట్లోనూ 85, మొత్తం 340. ఒకబ్బాయికి లెక్కల్లో 98, మిగతా మూడింట్లో ముప్ఫయ్యైదేసి, మొత్తం 203.

ఏ స్టాఫ్‌రూమ్‌లో అడిగినా అమ్మాయి పేరే చెబుతారు. మరి కూడి చూడండి. అమ్మాయి వస్తే లెక్కల్లో 72 పోయి 85 వస్తుంది, లాభం 13. సైన్స్, సోషల్, తెలుగుల్లో ఆమె 85 అసలు లెక్కలోకే రాదు, అక్కడ ఆమెకంటే మెరుగైనవాళ్లు ముగ్గురేసి ఉన్నారు. అబ్బాయి వస్తే 72 పోయి 98, లాభం 26. మొత్తంలో 137 మార్కులు వెనకబడ్డవాడు జట్టుకి రెట్టింపు తెచ్చాడు. ఆరోజు వాడి బుర్ర పనిచేయక పది మార్కులు పోగొట్టుకున్నా 88, అప్పుడు కూడా వాడే నయం. ర్యాంకుల బోర్డు చూసి జట్లు కట్టే అలవాటు మన స్కూళ్లను, కాలేజీలను ఎంతగా పట్టేసిందో, ఒక్క సబ్జెక్టులో మెరిసే పిల్లల్ని ఎన్నిచోట్ల వెనక బెంచీకే వదిలేశారో తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఇంకొంచెం ముందుకి వెళ్దాం. ఆ అబ్బాయిని తీసుకున్నాక లెక్కల్లో 97 తెచ్చుకునే ఇంకొకడు కనబడ్డాడనుకోండి. వాడొక్కడే అయితే లాభం 25. ఇప్పుడు మొదటి ముగ్గురు 98, 80, 76 కాబట్టి వాడి లాభం 21కి పడిపోయింది. వాడి సత్తా ఏమీ తగ్గలేదు, పక్కన ఉన్నవాడు మారాడంతే. గణితంలో ఇలాంటి ప్రమేయాల్ని సబ్‌మాడ్యులర్ అంటారు: జట్టు పెరిగేకొద్దీ కొత్తగా వచ్చేవారి అదనపు విలువ తగ్గుతుందే తప్ప పెరగదు. ప్రతి అడుగులోనూ అప్పటికి ఎక్కువ లాభం తెచ్చేవాళ్లనే ఎంచుకుంటూ పోతే గరిష్ఠ మొత్తంలో కనీసం 63 శాతం గ్యారంటీ అని 1978లోనే నిరూపించారు. కచ్చితంగా గరిష్ఠమే కావాలంటే ఆ పద్ధతికి హామీ లేదు, అన్ని కలయికలూ కూడి చూడాల్సిందే. పదిహేనుమందిలోంచి ఐదుగురిని 3003 రకాలుగా ఎంచవచ్చు. ల్యాప్‌టాప్‌కి అదొక పనే కాదు.

2024 జూన్ చివర్లో మినియాపోలిస్‌లో అమెరికా ట్రయల్స్ జరిగాయి. మహిళల్లో మొదటి స్థానానికి నేరుగా చోటు. అది రెండు రోజుల స్కోర్లూ కలిపి 117.225తో సిమోన్ బైల్స్‌కి దక్కింది. తర్వాతి నలుగురిని కమిటీ ఎంపిక చేసింది: సుని లీ, జోర్డన్ చైల్స్, జేడ్ కేరీ, పదహారేళ్ల హెజ్లీ రివేరా. సరిగ్గా ర్యాంకుల వరుసే. పురుషుల్లో మాత్రం ఆల్‌రౌండ్‌లో మూడో స్థానంలో ఉన్న షేన్ విస్కస్ రిజర్వుల్లోకి వెళ్లాడు. పామెల్ హార్స్ (రెండు పిడులున్న దిమ్మ మీద చేతులాని కాళ్లు తిప్పే అంశం) తప్ప ఇంకేదీ చేయని స్టీఫెన్ నెడొరోసిక్ జట్టులోకి వచ్చాడు. ఏ ఐదుగురు కలిస్తే మొత్తం ఎక్కువ వస్తుందో కంప్యూటర్ మీద కూడి చూశారు. అమెరికా ఏళ్ల తరబడి పాయింట్లు పోగొట్టుకుంటున్నది పామెల్ హార్స్ మీదే, 2021లో ఆ పరికరం మీద ప్రపంచ చాంపియన్ అయింది నెడొరోసికే. మన లెక్కల 98 కుర్రాడు అచ్చంగా ఇతనే.

పారిస్ జట్టు ఫైనల్లో పురుషుల ఆరు పరికరాల మీద ఒక్కో దేశానికి 18 ప్రదర్శనలు. అందులో పదిహేడు మిగతా నలుగురే పంచుకున్నారు. నెడొరోసిక్ అంతసేపూ కూర్చుని ఎదురుచూశాడు. అమెరికాకి చివరి పరికరం పామెల్ హార్స్, అందులోనూ ఆఖరు వంతు అతనిది. కళ్లద్దాలు తీసి పక్కన పెట్టి ఎక్కాడు. 14.866. అమెరికా పురుషులకు 2008 తర్వాత తొలి జట్టు పతకం, కాంస్యం.

మరి ఐదుగురినీ ఇలాంటి స్పెషలిస్టులనే తీసుకుంటే పోదా? పోదు, ఎందుకంటే క్వాలిఫికేషన్‌లో లెక్క వేరు. అక్కడ ఒక్కో పరికరం మీద నలుగురు దిగుతారు, తక్కువ స్కోరు కొట్టేస్తారు. జట్టులో ఒకడు ఒక్క పరికరమే చేస్తే, తక్కిన పరికరాలన్నిటి మీదా మిగతా నలుగురూ దిగి తీరాలి. అలాంటివాళ్లు ఇద్దరైతే చాలాచోట్ల ముగ్గురే మిగులుతారు. కొట్టేయడానికి నాలుగో స్కోరు ఉండదు. అంటే ఐదుగురి జట్టు మోయగలిగేది ఒక్క నెడొరోసిక్‌నే. ఎవరికైనా చీలమండ బెణికితే? ఏ పరికరమైనా 85 తెచ్చే ఆ అమ్మాయి విలువ అప్పుడు తెలుస్తుంది.

కొట్టేసే స్కోరు లేకపోవడం ఎంత దారుణమో అదే ఫైనల్లో చైనా చూసింది. సున్ వీ గాయపడితే చివరి నిమిషంలో జట్టులోకి వచ్చిన సు వీడె ఆఖరి పరికరం హై బార్ మీద రెండుసార్లు పడ్డాడు. ఒక్కసారి పడితే ఒక పాయింటు పోతుంది. జపాన్ 259.594, చైనా 259.062. తేడా 0.532. అదే ప్రదర్శన క్వాలిఫికేషన్‌లో అయితే మాయమైపోయేది.

ఈ అంకెలు మారితే మంచి జిమ్నాస్ట్ అన్న మాటకి అర్థమే మారిపోతుంది. బీజింగ్‌లో జట్టుకి ఆరుగురు, లండన్, రియోల్లో ఐదుగురు, టోక్యోలో నలుగురే. టోక్యో క్వాలిఫికేషన్‌లో నలుగురూ అన్నీ చేయాలి కాబట్టి స్పెషలిస్టుకి జట్టులో చోటే లేకుండా పోయింది, వాళ్లకి విడిగా వ్యక్తిగత బెర్తులు పెట్టారు. జేడ్ కేరీ అలా ప్రపంచ కప్ సిరీస్ ద్వారా వెళ్లి ఫ్లోర్ స్వర్ణం కొట్టింది. జట్టు ఫైనల్లో వాల్ట్ తర్వాత బైల్స్ తప్పుకున్నప్పుడు మిగిలింది ముగ్గురు, కావలసిందీ ముగ్గురే. జోర్డన్ చైల్స్ తన వంతు కాని బార్స్, బీమ్ ఎక్కింది, సుని లీ తన వంతు కాని ఫ్లోర్ చేసింది. ఆ టెన్షన్‌లో వచ్చిన రజతాన్ని తక్కువ చేసి మాట్లాడినవాళ్లని చూస్తే జాలేసింది.

ఫైనల్స్‌లో దేశానికి ఇద్దరే అన్న నిబంధన ఇంకో మెలిక. 2012లో అప్పటి ప్రపంచ చాంపియన్ జోర్డిన్ వీబర్ క్వాలిఫికేషన్‌లో అందరిలో నాలుగోది, అమెరికాలో మూడోది. ఆల్‌రౌండ్ ఫైనల్ బయటే ఉండిపోయింది. 2016లో మూడో స్థానంలో ఉన్న గాబీ డగ్లస్‌కీ అదే గతి. అన్యాయమని అమెరికాలో గోల. నాకైతే చిన్న దేశాలకి ఊపిరాడేది ఈ నిబంధన వల్లేననిపిస్తుంది.

మన సంగతికి వస్తే, హైదరాబాద్ అమ్మాయి బుద్దా అరుణా రెడ్డి 2018 ఫిబ్రవరిలో మెల్‌బోర్న్ ప్రపంచ కప్‌లో 13.649తో వాల్ట్ కాంస్యం గెలిచింది. జిమ్నాస్టిక్స్ ప్రపంచ కప్‌లో భారత్‌కి అదే తొలి పతకం. కానీ టోక్యో బెర్తులకి లెక్కలోకి వచ్చిన సిరీస్ ఆ ఏడాది నవంబరులో కాట్‌బస్‌లో మొదలైంది, మెల్‌బోర్న్ అంతకుముందే అయిపోయింది. పారిస్‌కి ఆ సిరీస్ 2024లో కైరో, కాట్‌బస్, బాకు, దోహాల్లో జరిగింది. నాలుగింట్లో మెరుగైన మూడు ఫలితాలు చూసి ఒక్కో పరికరానికి ఇద్దరికి బెర్తులిచ్చారు. జట్టు బెర్తు దొరికిన దేశాలకి అందులో వాటా లేదు. మనలాంటి జట్టు లేని దేశపు స్పెషలిస్టుకి దీనికంటే తిన్నని దారి ఇంకోటి లేదు. జట్టు పోటీలో, ఆల్‌రౌండ్‌లో వాల్ట్ మీద ఒక్కసారి దూకితే సరిపోతుంది. ఈ సిరీస్ ఫైనల్లో మాత్రం రెండు వేర్వేరు రకాల వాల్టులు చేయాలి, రెండింటి సగటే స్కోరు.