వెలుగును గరిటెతో కలపలేం

కెమికల్ ఇంజనీరు చేతికి ఏ రియాక్టర్ ఇచ్చినా, లోపలి సరుకంతా బాగా కలుస్తోందా లేదా అని ముందు చూస్తాడు. కూరలో ఉప్పు ఒక పక్కనే ఉండిపోతే గరిటె తిప్పినట్టు, మిక్సర్ తిప్పుతాడు. వేడి సర్దుకుంటుంది, గాఢత సర్దుకుంటుంది. కాంతితో నీళ్లను శుద్ధి చేసే రియాక్టర్‌లో ఈ ఉపాయం సగమే పనిచేస్తుంది. అక్కడ వెలుగు కూడా ఒక ముడిసరుకే, దాన్నేమో కలపలేం. గాజు పక్కన దండిగా ఉంటుంది, లోపలికి పోయేకొద్దీ తగ్గిపోతుంది. ఈ రియాక్టర్ల లెక్కలు ఇంత చిక్కుగా ఉండటానికి అసలు కారణం ఇదే.

రసాయనం మాత్రం సూటిగానే ఉంటుంది. తెల్ల పెయింట్లలో వాడే టైటానియం డయాక్సైడ్ మీద వెలుగు పడితే నీరు విడిపోతుందని 1972లో జపాన్ శాస్త్రవేత్తలు ఫుజిషిమా, హోండా చూపించారు. సుమారు 387 నానోమీటర్ల కంటే చిన్న తరంగం, అంటే అతినీలలోహిత కాంతి, తగిలితే ఆ పొడిలో ఒక ఎలక్ట్రాన్ ఎగిరి, దాని చోట ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీ నీటి నుంచి హైడ్రాక్సిల్ రాడికల్ అనే, దేనితోనైనా చటుక్కున చర్య జరిపే ముక్కను పుట్టిస్తుంది. అది పురుగుమందు, రంగు, మందుబిళ్ల అని తేడా చూడదు, దొరికిన సేంద్రియ పదార్థాన్నల్లా విరగ్గొడుతుంది. చిక్కల్లా ఎండలో ఇలాంటి కాంతి నూటికి నాలుగైదు వంతులే ఉండటం.

మరి నీళ్లలో ఈ పొడి ఎంత వేయాలి? ఎంత వేస్తే అంత పని అనిపిస్తుంది. తక్కువైతే వెలుగు వృథాగా అవతలికి పోతుంది, నిజమే. ఎక్కువైతే ముందు పొరే కాంతినంతా మింగేసి వెనక చీకటి మిగులుస్తుంది. ఆ చీకట్లో ఉన్న ఉత్ప్రేరకం, అంటే చర్యను నడిపించే ఆ పొడి, ఉన్నా లేనట్టే. పైగా ఈ రేణువులు కాంతిని మింగడమే కాదు, చెదరగొడతాయి కూడా. ఒక రేణువు నుంచి చెదిరిన కిరణం ఇంకో రేణువుకు పనికొస్తుంది. అందుకే లోతుకు పోయేకొద్దీ కాంతి ఎంత తగ్గుతుందో చెప్పే, రంగునీళ్లకు సరిపోయే బీర్ సూత్రం ఈ పాలలాంటి నీళ్ల దగ్గర తప్పు చెబుతుంది.

ఇక్కడ సాయం ఖగోళశాస్త్రం నుంచి వచ్చింది, నాకు ఈ కథలో బాగా నచ్చే ముక్క ఇదే. నక్షత్రాల వాతావరణం గుండా కాంతి ఎలా మింగబడుతూ, చెదురుతూ బయటికొస్తుందో లెక్కగట్టే సమీకరణాన్ని 1940లలో సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ లోతుగా సాధించారు. అన్ని దిక్కులనూ కాకుండా ఎంచిన కొన్ని దిక్కులను మాత్రమే లెక్కించే పద్ధతిని ఆయన అభివృద్ధి చేశారు. అర్జెంటీనాలోని శాంటాఫేలో కస్సానో, అల్ఫానో బృందం అదే సమీకరణాన్ని టైటానియం డయాక్సైడ్ కలిపిన నీళ్లకు వాడి, రియాక్టర్‌లో ఏ బిందువు దగ్గర ఎన్ని ఫోటాన్లు, అంటే కాంతి కణాలు, శోషితమవుతున్నాయో గణించింది. రేణువు కాంతిని ఎటు చెదరగొడుతుందో చెప్పడానికి చాలామంది వాడే సూత్రం కూడా, 1941లో హెన్యే, గ్రీన్‌స్టీన్ పాలపుంతలోని ధూళి కోసం రాసుకున్నదే. అంత గణితం భారమనుకునేవాళ్లు కాంతి ఆరు దిక్కులకే చెదురుతుందనుకుని పని కానిస్తారు. కంప్యూటర్ ఖాళీగా ఉంటే మాంటె కార్లో పద్ధతిలో లక్షల ఫోటాన్లను ఒక్కొక్కటిగా వదిలి, ఏది ఎక్కడ ఆగిందో చూస్తారు.

వెలుగు పెంచితే వేగం కూడా అంతే పెరుగుతుందా? మసక వెలుగులో అవును. బలమైన వెలుగులో ఎలక్ట్రాన్లు, ఖాళీలు ఎక్కువై, నీటి దాకా పోకుండా తమలో తామే కలిసిపోతాయి. అప్పుడు వెలుగు నాలుగింతలైతే వేగం రెండింతలే. స్పెయిన్‌లోని అల్మెరియా సౌరకేంద్రంలో మొదటి ప్రయోగాలు సూర్యుడి వెంట తిరిగే పారాబోలా అద్దాలతో మొదలయ్యాయి. అవి ఎండను కుప్పపోసి ఆవిరి పుట్టించడానికి చేసినవి, ఈ పనికి నప్పలేదు. తర్వాత వంపులు తిరిగిన అల్యూమినియం రేకు ముందు గాజు గొట్టాలు పెట్టి, ఎండను దాదాపు ఉన్నంత బలంతోనే వాడే కలెక్టర్లు వచ్చాయి. వాటికి సూర్యుడి వెంట తిరిగే పని లేదు, మేఘాల్లోంచి చెదిరి వచ్చే అతినీలలోహిత కాంతిని కూడా పట్టుకుంటాయి. మూడు సెంటీమీటర్ల గొట్టాల్లో లీటరుకు 0.2 గ్రాముల పొడి చాలని కూడా అక్కడే తేలింది.

ల్యాబ్‌లో స్వేదనజలంతో సరిపెట్టిన మోడల్ కాలువ నీటికి సరిపోదు. 2007లో హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరులో, మందుల కంపెనీల వ్యర్థజలాల శుద్ధికేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని స్వీడన్ పరిశోధకులు ప్రచురించారు. ఆ మందు వాడుతున్న రోగి రక్తంలో ఉండేదానికన్నా అది ఎక్కువ. అలాంటి నీళ్లలో రకరకాల పదార్థాలు కలిసి ఉంటాయి. వాటిలో కొన్ని కాంతిని ముందే మింగేస్తాయి, క్లోరైడు, బైకార్బొనేటు లవణాలైతే ఆ హైడ్రాక్సిల్ రాడికల్స్‌ను కాజేస్తాయి. మోడల్‌లో ఇవి లేకపోతే వచ్చే జవాబు కాగితం మీద అందంగా ఉంటుంది, అంతే.

కరెంటు దీపాలతో నడిపితే ఖర్చు ఇంకో తలనొప్పి. ఒక ఘనపు మీటరు నీటిలో కాలుష్యాన్ని పదోవంతుకు దించడానికి ఓజోన్ వాయువుతో శుద్ధి చేసే పద్ధతికి సాధారణంగా ఒక యూనిట్ కరెంటు కూడా పట్టదు, టైటానియం డయాక్సైడ్ పద్ధతికి వంద యూనిట్లు దాటుతుంది. అల్మెరియా ప్రాంతంలోనే పురుగుమందు డబ్బాలు కడిగిన నీళ్లను శుద్ధి చేయడానికి 2004లో సౌర ప్లాంటు కట్టినప్పుడు, అవే రకం కలెక్టర్లు వాడి లోపలి ఉత్ప్రేరకాన్ని మాత్రం మార్చారు. టైటానియం బదులు ఇనుప లవణం, హైడ్రోజన్ పెరాక్సైడ్ వేశారు. ఇనుము నీళ్లలో కరిగి ఉంటుంది కాబట్టి కాంతి చెదరదు, కంటికి కనిపించే వెలుగు కూడా కొంత పనికొస్తుంది, లెక్కా తేలికవుతుంది. కాకపోతే అది బాగా పనిచేయాలంటే నీళ్ల పీహెచ్ 2.8 దగ్గర, అంటే బాగా ఆమ్లంగా, ఉండాలి. శుద్ధి అయ్యాక ఆ ఆమ్లాన్ని విరిచి, ఇనుమును వేరుచేసే పని మళ్లీ ఉంటుంది.