ట్యాబులు, బ్రౌజర్లు: రిచీ స్ట్రీట్ బల్ల మీదకొచ్చే అపోహలు

చెన్నై రిచీ స్ట్రీట్‌లో ల్యాప్‌టాప్‌లు బాగుచేస్తాను. నేను తెలుగువాణ్ణని ఆనోటా ఈనోటా విని, టి.నగర్ నుంచీ షావుకారుపేట నుంచీ మనవాళ్ళు వెతుక్కుంటూ వస్తారు. తెచ్చే మిషన్లు వేరువేరు కానీ చెప్పే మాటలు మాత్రం దాదాపు ఒకటే.

అపోహ: బ్రౌజర్లో ట్యాబులు (తెరిచిన ఒక్కో పేజీకి పైన కనబడే గడులు) ఎక్కువైతే కంప్యూటరు చెడిపోతుంది.

చెడిపోదు, నిదానిస్తుంది. మొన్న ఒక రిటైర్డు పెద్దాయన 8 జీబీ ర్యామ్ (పని నడిచేటప్పుడు వాడుకునే మెమరీ) ఉన్న ల్యాప్‌టాప్ తెచ్చారు. తెరిచి చూస్తే ట్యాబులు పేర్లు కూడా కనబడనంతగా ఇరుక్కుని ఉన్నాయి. "ఏదీ మూయకు బాబూ, అన్నీ కావాలి" అన్నారు. సరేనని షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కాను. క్రోమ్‌కి సొంత టాస్క్ మేనేజర్ ఒకటుంది, అది తెరుచుకుంటుంది. మెమరీ అన్న గడి మీద నొక్కితే ఎక్కువ తింటున్నవి పైకొస్తాయి. నలభై పైచిలుకు ట్యాబుల్లో అసలు భారమంతా రెండింటిదే: వీడియోలు వాటంతటవే ఆడే ఒక వార్తల పేజీ, పొద్దుటి నుంచీ తెరిచే ఉన్న ఒక స్ప్రెడ్‌షీటు. ఆ రెండూ మూశాను, మిషన్ ఊపిరి పీల్చుకుంది.

2008లో వచ్చినప్పటి నుంచీ క్రోమ్ పద్ధతి ఇదే. చాలావరకు ఒక్కో ట్యాబుని విడి ప్రాసెస్‌గా, అంటే విడి ప్రోగ్రాంలా నడుపుతుంది. ఒకటి కూలినా పక్కది నిలబడుతుంది, బదులుగా ర్యామ్ ఖర్చవుతుంది. ఇప్పుడు క్రోమ్‌లో మెమరీ సేవర్, ఎడ్జ్‌లో స్లీపింగ్ ట్యాబ్స్ ఉన్నాయి. వాడని ట్యాబు పైన కనబడుతూనే ఉంటుంది, ఎడ్జ్ దాన్ని నిద్రపుచ్చుతుంది, క్రోమ్ అయితే లోపలి సరుకుని మెమరీలోంచి ఖాళీ చేస్తుంది. నొక్కితే మళ్ళీ లోడవుతుంది. సగం నింపిన అప్లికేషన్ ఫారం ఉంటే క్రోమ్ మామూలుగా దాని జోలికి రాదు, అయినా దాన్ని అలా వదిలేసి భోజనానికి వెళ్ళకండి.

పెద్దాయన మిషన్ తీసుకుంటూ క్రోమ్ విండో మొత్తం మూసేశారు. మొహం పాలిపోయింది. క్రోమ్ మళ్ళీ తెరిచి కంట్రోల్, షిఫ్ట్, టి కలిపి నొక్కగానే అన్నీ తిరిగొచ్చాయి. ఈ మూడు మీటలూ చీటీ మీద రాయించుకుని జేబులో పెట్టుకున్నారు. (ఆండ్రాయిడ్ ఫోన్లో క్రోమ్ ట్యాబులు 99 దాటితే అంకె పోయి నవ్వు మొహం గుర్తొస్తుంది. నవ్వుతోందో, వెక్కిరిస్తోందో!)

అపోహ: బ్రౌజరు మారిస్తే అన్నీ మారిపోతాయి.

క్రోమ్, ఎడ్జ్, బ్రేవ్, ఒపెరా, వివాల్డీ అన్నిటికీ పునాది ఒకటే, క్రోమియం. ఇక్కడి జోహో 2023లో తెచ్చిన ఉలా కూడా అంతే. ఉలా అంటే తమిళంలో విహారం. కేంద్ర ఐటీ శాఖ పెట్టిన దేశీ బ్రౌజరు పోటీలో 2025లో కోటి రూపాయల మొదటి బహుమతి గెలిచింది. మన ఊరిదని వేసుకుంటామంటే సంతోషం, నేనే వేసిస్తాను. కానీ ఒక సైటు క్రోమ్‌లో మొరాయిస్తే ఎడ్జ్‌కి వెళ్ళడం ఒకే కాలవకి ఇంకో రేవు వెతకడమే. అప్పుడు ఫైర్‌ఫాక్స్ తెరవండి, దాని ఇంజను (పేజీని తెర మీదకి తెచ్చే లోపలి భాగం) గెకో, వేరే రకం. మన దేశంలో ఐఫోన్ వాళ్ళకి ఈ దారి కూడా లేదు. అక్కడ ఏ పేరు పెట్టుకున్నా లోపల ఇంజను సఫారీ వాడే వెబ్‌కిట్టే. నా ఓటు ఫైర్‌ఫాక్స్‌కే, కారణం ప్రకటనలు. క్రోమ్ పాత రకం ఎక్స్‌టెన్షన్లను (బ్రౌజరుకి తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు) ఆపేశాక, ప్రకటనలు ఆపే యూబ్లాక్ ఆరిజిన్ క్రోమ్‌లో పనిచేయడం మానేసింది, ఫైర్‌ఫాక్స్‌లో పనిచేస్తోంది.

అపోహ: ఇన్‌కాగ్నిటోలో (బ్రౌజరు హిస్టరీ దాచుకోని విండోలో) మనం ఎవరికీ కనబడం.

ఇంట్లోవాళ్ళకి హిస్టరీ కనబడదు, అంతే. మీరు తెరిచిన సైటుకీ, నెట్ ఇచ్చే కంపెనీకీ, ఆఫీసు నెట్‌వర్కుకీ దాపరికం లేదు.

అపోహ: సైటు అడ్రసు పక్కన తాళం బొమ్మ ఉంటే నమ్మొచ్చు.

దారిలో ఎవరూ చదవలేరని దాని అర్థం. అవతల ఉన్నది దొంగా దొరా అన్నది అది చెప్పదు. జనం ఇలా పొరబడుతున్నారనే క్రోమ్ 2023లో ఆ బొమ్మని తీసేసింది.

అపోహ: తెర మూలన "వైరస్ వచ్చింది" అని కనబడితే ఫార్మాటే (అంతా తుడిచి మళ్ళీ వేయడమే) గతి.

షావుకారుపేటలో చీరల కొట్టు నడిపే అక్క ఒకావిడ ఎక్కడో డబ్బిచ్చి ఫార్మాట్ కొట్టించుకుని, వారం తిరక్కుండా నా దగ్గరికొచ్చింది. "మళ్ళీ వచ్చింది తమ్ముడూ, తెరిస్తే చాలు ఎర్రగా అరుస్తోంది." అది వైరస్ కాదు, నోటిఫికేషన్. సీరియళ్ళు చూసే ఏదో సైటు "మీరు రోబోట్ కాదని చెప్పడానికి అలో నొక్కండి" అంది, ఆవిడ నొక్కింది. అలో (Allow) అంటే నోటిఫికేషన్లు పంపడానికి అనుమతివ్వడం. ఫార్మాటయ్యాక అదే సైటుకెళ్ళి మళ్ళీ నొక్కింది. సెట్టింగ్స్‌లో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్ తెరిచి, అనుమతి ఉన్న పదకొండు సైట్లలో బ్యాంకుది ఒక్కటి ఉంచి మిగతావన్నీ తీసేశాను. మూడు నిమిషాల పని, టీ తప్ప ఏమీ తీసుకోలేదు.

ఇప్పుడు ఆవిడ ఏ పెట్టె వచ్చినా ఫొటో తీసి వాట్సాప్ చేస్తుంది: "తమ్ముడూ, అలో అంటోంది, నొక్కనా వద్దా?"