తాళం రెండుసార్లు లాగితే జబ్బేనా? చాదస్తాల మీద అపోహలు, వాస్తవాలు

కోనసీమలో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. ఈమధ్య పెళ్లిళ్లలో ఎవరు పలకరించినా ఒకటే మాట, "నాకు ఓసీడీ ఉందండీ" అని. ఓసీడీ అంటే అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్, వద్దన్నా వచ్చే ఆలోచనలతో చేసిందే మళ్లీ మళ్లీ చేయించే మానసిక జబ్బు. ఏం చేస్తారని అడిగితే, పర్సులో నోట్లన్నీ గాంధీగారి బొమ్మ ఒకే వైపు ఉండేలా సర్దుకుంటారట. టీవీ సౌండ్ సరిసంఖ్యలోనే ఉండాలట. నిజంగా ఆ జబ్బుతో నలిగిపోయేవాళ్లేమో "మా ఇంట్లో అందరికీ చాదస్తమేనండి" అంటూ ఏళ్ల తరబడి నెట్టుకొస్తారు.

అపోహ: ఇలాంటి అలవాటు ఉంటే ఓసీడీ ఉన్నట్టే.

వాస్తవం: ఓసీడీ నూటికి ఇద్దరు ముగ్గురికి మించి రాదు. వద్దన్నా వచ్చే ఆలోచనలు, వాటిని అణచడానికి చేసే పనులు రోజుకి గంటకు పైగా తినేస్తున్నా, తీవ్రమైన బాధ పెడుతున్నా, ఉద్యోగాన్నీ సంసారాన్నీ దెబ్బతీస్తున్నా అప్పుడు జబ్బు గురించి ఆలోచిస్తాం. నేను ముందు అడిగేది మాత్రం, ఆ పని చేయడం కుదరని రోజు మీకు ఏమవుతుంది అని.

రైలు రాజమండ్రి వంతెన ఎక్కగానే గోదావరిలో రూపాయి వేసి దండం పెట్టేవాళ్లు మనలో బోలెడుమంది. కిటికీ దగ్గర చోటు దొరక్కపోతే "పోన్లే, వచ్చేటప్పుడు వేద్దాం" అనుకుంటారు. అది అలవాటు. రూపాయి వేయలేదు కాబట్టి ఇంట్లో పిల్లలకేదో అయిపోతుందని కొవ్వూరులో దిగి వెనక్కి వచ్చేస్తుంటే మాత్రం ఒకసారి మాట్లాడాలి.

అదృష్టం పెన్ను, పందెం గెలిచిన రోజు చొక్కా లాంటివి మనుషులకే పరిమితం కాదు. 1948లో స్కిన్నర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త, పావురాలు ఏం చేసినా చేయకపోయినా కొంత సమయానికోసారి గింజలు అందేలా ఏర్పాటు చేశాడు. గింజలు పడేముందు చేసిన పనినే అవి పట్టుకున్నాయి. ఒకటి గుండ్రంగా తిరిగేది, ఇంకొకటి తల ఊపేది. సంక్రాంతికి ఆ చొక్కా ఇస్త్రీ చేయించుకోండి, తప్పేం లేదు.

అపోహ: అనుమానం వస్తే ఇంకోసారి చూసుకోవడమే మంచిది.

వాస్తవం: ఒకసారి చూడటం జాగ్రత్త. ఆ తర్వాత చూసేకొద్దీ అనుమానం పెరుగుతుంది. షాపు కట్టేసి వెళ్లేవాళ్లలో నేను తరచూ చూసే తీరు ఇది. షట్టర్ తాళం వేసి లాగుతాడు. బండి స్టార్ట్ చేస్తాడు, ఆపి మళ్లీ దిగుతాడు. ఈసారి లెక్కపెడుతూ లాగుతాడు. మధ్యలో ఎవరో పలకరిస్తే లెక్క తప్పుతుంది, మళ్లీ ఒకటి నుంచి మొదలు. ఆ ఇనుప కొంకి ఒరుసుకుని చూపుడువేలు కాయ కాస్తుంది. ఇంటికెళ్లాక, ఫోన్లో తీసుకొచ్చిన తాళం ఫోటోని భార్యకి చూపిస్తాడు. "పడిందంటావా?"

2003లో నెదర్లాండ్స్‌లో ఇద్దరు పరిశోధకులు ఏ జబ్బూ లేనివాళ్ల చేత కంప్యూటర్ తెర మీద గ్యాస్ స్టవ్‌ని పదేపదే కట్టించి, చెక్ చేయించారు. చివరిసారి ఏ పొయ్యి కట్టారో వాళ్లకు బాగానే గుర్తుంది. కానీ ఆ జ్ఞాపకం మసకబారింది, దాని మీద నమ్మకం పోయింది. అంటే ఆ షాపాయన మతిమరుపు మనిషేం కాదు, లాగీ లాగీ తన జ్ఞాపకాన్నే నమ్మలేని స్థితికి వచ్చాడు.

అలాగని ప్రతి చెకింగూ చాదస్తం కాదు. తెల్లవారుజామున రొయ్యల చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. కరెంటు పోయి, నీళ్లకి గాలి అందించే ఏరియేటర్లు ఆగితే పంట పోయినట్టే. భీమవరం వైపు రైతు అర్ధరాత్రి టార్చి వేసుకుని గట్టు మీద తిరిగేది అందుకే. చూసొచ్చి పడుకుంటాడు, నిద్ర పడుతుంది.

అపోహ: ఇంట్లోవాళ్లు ధైర్యం చెబితే తగ్గిపోతుంది.

వాస్తవం: "వేశారండీ, నేను చూశాను" అని మొదటిసారి చెప్పడం సాయం. పదోసారీ చెబితే ఆ ఊరట పావుగంట ఉంటుంది, పదకొండో ప్రశ్న వస్తుంది. అలాగని కసురుకోవద్దు. "ఇందాక చెప్పాను కదండీ, ఇక చెప్పను. టెన్షన్ అదే తగ్గుతుంది, కూర్చోండి" అంటే చాలు. చెప్పినంత తేలిక కాదని నాకూ తెలుసు.

అపోహ: ఓసీడీ అంటే అతిశుభ్రం.

వాస్తవం: మడి కట్టుకుని వంట చేసే మామ్మగారు రోగి కాదు. వంట అయ్యాక ఆవిడ మడి విడిచి హాయిగా కబుర్లలో పడతారు. చేతులు ఎంత కడిగినా "ఇక చాలు" అని అనిపించకపోవడం వేరు. అసలు కడుగుడు ఊసే లేని ఓసీడీ కూడా ఉంది. గుడిలో బూతుమాట మెదలడం, పసిబిడ్డకి హాని చేసేస్తానేమోనని భయపడటం లాంటివి సిగ్గుతో ఎవరికీ చెప్పుకోరు. నిజానికి ఇలాంటి ఆలోచనలు మామూలువాళ్లలో ఎక్కువమందికీ వస్తాయని 1978లోనే రాచ్‌మన్, డి సిల్వా అనే పరిశోధకులు తేల్చారు. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కాక "ఇప్పుడు దూకేస్తే?" అని ఒక్క క్షణం అనిపించి, అవతలి ఒడ్డు చేరేసరికి మరిచిపోతాం. ఓసీడీ ఉన్నవాళ్లు మాత్రం ఆ ఆలోచనకి జడిసి, దాన్ని తరిమే పనిలో పడతారు. ఎంత తరిమితే అంత వస్తుంది. (నిజంగానే బతకాలని లేదనిపిస్తే అది వేరే సంగతి. వెంటనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్‌కి, 14416 నంబరుకి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.)

అపోహ: దీనికి మందు లేదు.

వాస్తవం: ఉంది. భయపెట్టే పరిస్థితిని కొద్దికొద్దిగా ఎదుర్కొంటూ, కడుగుడూ చెకింగూ ఆపే థెరపీకి 1966లో విక్టర్ మేయర్ అనే సైకాలజిస్టు దారి వేశాడు. నేటికీ మా ప్రధాన ఆయుధం అదే. సైకియాట్రిస్టు రాసే మాత్రలు పూర్తిగా పనిచేయడానికి 8 నుంచి 12 వారాలు పట్టొచ్చు, పదిరోజులకే మానేసి "పనిచేయలేదండి" అంటే ఎలా? కాకినాడ ప్రభుత్వ పెద్దాసుపత్రి (జీజీహెచ్)లో సైకియాట్రీ విభాగం ఉంది.

అపోహ: కూర్చుని కాళ్లు ఊపితే ఇంటికి దరిద్రం.

వాస్తవం: పక్కవాడి బల్ల కదులుతుంది, అంతే.